రెండు మాటలకే చోటు

తాను గీసిన అక్షరాలకి విశాలాక్షి అని పేరు పెట్టింది భానోజీ కాదు. ఆయన పెట్టిన పేరు వేరే ఉంది, ఆఫీసు కాగితాల్లో అదే ఉండేది, కానీ ల్యాబులో ఒక్కరూ దాన్ని పట్టించుకోలేదు. తెర మీద మొదటిసారి ఆ అక్షరాలు వెలిగినప్పుడు ల్యాబు పెద్ద డాక్టర్ తబిత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇదేంటండీ భానోజీ గారూ, ఒక్క 'అ' రాసేసరికి తెరంతా నిండిపోయింది. ఈవిడ విశాలాక్షి అండీ బాబూ," అంది. అందరూ నవ్వారు. ఆ పేరే అతుక్కుపోయింది.

నవ్వరా మరి. తెలుగక్షరం అంటే మెలికలు తిరగాలి, కాస్త ఒళ్ళు చేసి ముద్దుగా ఉండాలి. ఈయనేమో కంపాసుతో గీసిన వలయాలు, స్కేలు పెట్టి గీసిన గీతలు తప్ప ఇంకేమీ మిగల్చలేదు. తలకట్టు వంపు తిరగదు, అడ్డంగా ఒక బద్ద. ఒత్తు కిందికి వేలాడదు, పక్కకొచ్చి నిలబడుతుంది. గీత మందం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఎత్తు బెత్తెడైతే వెడల్పు జానెడు. మనుషులు చదువుకునే అక్షరాల్లా ఉండవు, ఏ అంతరిక్ష నౌక పొట్ట మీదో రాయాల్సినవి దారి తప్పి కాకినాడ వచ్చినట్టుంటాయి.

భానోజీ ఇంటికి తీసుకెళ్ళి కూతురికి చూపించాడు. సుమేధ అప్పుడు పశువైద్యం చదువుతోంది. అరచేత్తో మూతి మూసుకుని నవ్వింది. "నాన్నా, నీ అక్షరాలకి ఊబకాయం వచ్చింది. డాక్టరుకి చూపించు."

"ఇంట్లో నువ్వున్నావుగా, నువ్వే చూడు."

"నేను గేదెల డాక్టర్ని నాన్నా. అయినా పర్లేదులే, ఇవీ ఆ సైజే."

ముప్పై ఏళ్ళ పైన అక్షరాలు గీసిన మనిషి. గోడల మీద, సినిమా పోస్టర్ల మీద, ఆ తర్వాత కంప్యూటర్లో. ఎవరు మెచ్చుకున్నా తల ఊపి ఊరుకునేవాడు. కూతురు వెక్కిరిస్తే మాత్రం పొంగిపోయేవాడు.

ఇంతకీ ఆ వెడల్పు సరదాకి పెట్టింది కాదు. సముద్రం మధ్యలో చమురు తోడే రిగ్గుల మీద ప్రమాదం జరిగితే, పొగలో, కేకల్లో, మనిషికి నేర్పినదంతా బుర్రలోంచి ఎగిరిపోతుంది. ఎగిరిపోకుండా ఏదైనా చేయగలరా అని ఒక సంస్థవాళ్ళు ల్యాబుని అడిగారు. తబిత మెదడు శాస్త్రం చదివింది. చదివేటప్పుడు మన కన్ను నడవదు, గెంతుతుంది, గెంతిన ప్రతిసారీ కొంచెం తడబడుతుంది. ఆ తడబాటులోనే సగం జారిపోతుంది. ఒక మనిషి కంటి గెంతు ఎంతో కొలిచి, అక్షరం వెడల్పుని సరిగ్గా దానికి కుదిర్చితే కన్ను తడబడదు. మాట నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. వెళ్ళింది ఇక బయటికి రాదు. ఒక్కసారి చదివితే చాలు.

దీనికి ఒక్కటే ఇబ్బంది. ఒక్క చూపులో పట్టినదే అలా దిగుతుంది. అంత వెడల్పు అక్షరాలు ఒక చూపులో పట్టేవి రెండు మాటలు. మూడో మాట రాస్తే కన్ను మళ్ళీ గెంతాలి, గెంతితే పట్టు పోయింది. అక్షరాన్ని నొక్కి సన్నం చేశామా, అది మామూలు అక్షరమే, ఎందుకూ కొరగాదు. అందుకని భానోజీ రోజంతా చేసే పని మాటలు కొట్టేయడమే. 'వెంటనే ఎర్ర మీటను కిందికి దించండి' అని వాళ్ళు పంపిస్తే, ఈయన కత్తిరించి కత్తిరించి 'మీట దించు' చేసేవాడు. ఏ మాట తీసేసినా అర్థం చెడకూడదు. అందులో ఆయనకి పెట్టింది పేరు.

మొదట చదివింది ల్యాబు వ్యాను నడిపే నూకరాజు. చదివిన ఏడాదికి తబిత పిలిచి అడిగింది, ఇంకా గుర్తుందా అని.

"గుర్తుండడం ఏంటండి, నిద్రలేస్తే అదేనండి బాబూ. అన్నం తింటున్నా అదే. మా ఆవిడ మీద కోపమొచ్చి ఏదో అందామని నోరు తెరిస్తే 'మీట దించు' అని లోపల్నించి వినపడతదండి. ఆయ్, కోపం పోతంది, నవ్వొస్తంది."

అందరూ మళ్ళీ నవ్వారు, తబిత నవ్వలేదు. ఆమె నూకరాజు తలకి తీగలు పెట్టి చూసింది. చదివిన మొదటి క్షణంలో మెదడులో ఏ గుర్తు పడిందో, ఏడాది తర్వాత కూడా అదే గుర్తు, అంతే పదునుగా ఉంది. "జ్ఞాపకం అన్నాక పాతబడాలండీ భానోజీ గారూ," అంది. "మనం బతికేది అది పాతబడబట్టే. ఇది పాతబడటం లేదు. మీట సంగతి కాబట్టి సరిపోయింది." ఆ రోజే నియమం పెట్టింది. రిగ్గు మాటలు తప్ప వేరే మాటలు ఎవరికీ చూపించకూడదు. జబ్బు మనుషులకి అసలు చూపించకూడదు. భానోజీ కూడా సంతకం పెట్టాడు.

సుమేధ జ్వరమని తనంతట తనే ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళింది. వారం తిరక్కుండా పోయింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, చెప్పినా నమ్మబుద్ధి కాదు. వెళ్ళేటప్పుడు, "అమ్మకి మాత్రలు నువ్వే వెయ్యి నాన్నా, వేసుకున్నానని అబద్ధం చెప్తది," అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆ మాత్రలు మతిమరుపువి. భానోజీ భార్య పేరిందేవి మందుల షాపులో కూర్చుని, ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పిన మనిషి. యాభై దాటీ దాటకుండానే ఆ జబ్బు పట్టుకుంది. పాత సంగతులు కొన్నాళ్ళు నిలుస్తాయి, కొత్తవి నిలవవు అని డాక్టర్లు ముందే చెప్పారు. కూతురు పోవడం కొత్త సంగతి.

అందుకని ప్రతి సాయంత్రం కాలేజీ బస్సు వచ్చే వేళకి పేరిందేవి పాలు పొయ్యి మీద పెట్టేది. గేటు దాకా వెళ్ళి చూసి వచ్చేది. "ఏవండీ, పిల్ల ఇంకా రాలేదేంటి?"

మొదట్లో నిజం చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె అప్పుడే విన్నట్టు విన్నది, ఆమెకి అది అప్పుడే విన్న మాట కాబట్టి. నేల మీద కూలబడి గుండెలు బాదుకునేది. "నాకెందుకు చెప్పలేదండీ, నన్నెందుకు తీసుకెళ్ళలేదండీ చివరి చూపుకి," అని భర్త చొక్కా పట్టుకుని ఏడ్చేది. చివరి చూపు ఆమె చూసింది. పసుపు రాసింది కూడా ఆమే. పొద్దున్నకి అంతా తుడిచిపెట్టుకుపోయేది, సాయంత్రానికి పాలు పొయ్యి మీదికి ఎక్కేవి.

తర్వాత అబద్ధం చెప్పాడు. హాస్టల్లో ఉంది, పరీక్షలు, రేపొస్తుంది. ఆ అబద్ధం వారం పనిచేసింది. ఒక రోజు ఈయన స్నానానికి వెళ్ళి వచ్చేలోపు పేరిందేవి ఇంట్లో లేదు. కూతుర్ని తీసుకురావడానికి బస్సు కాంప్లెక్సుకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కనిపించిన ప్రతి ఆడపిల్లనీ భుజం పట్టుకుని తిప్పి చూస్తుంటే జనం అరిచారు, తోశారు, పడిపోయింది. మోచెయ్యి విరిగింది.

ఆ కట్టుతో కూడా సాయంత్రం కాగానే ఎడమచేత్తో పాలగిన్నె పట్టుకుంది.

భానోజీని తప్పు పట్టేవాళ్ళు ఆ సాయంత్రాల్లో ఒక్కటి గడిపి చూడాలి. ఒక చావుని మనిషి ఒకసారి మోయగలడు. రోజూ మోయమంటే ఎలా. ఆమె కోసమే చేశానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు, అది నిజమే. తన కోసం కూడా చేశాడు. ఆ ప్రశ్న ఇంక వినలేకపోయాడు. ఒక్కసారి గట్టిగా తెలిస్తే ఏడుస్తుంది, అందరు తల్లుల్లాగే కొన్నాళ్ళకి కుదుటపడుతుంది అనుకున్నాడు. పాతబడదని తబిత చెప్పిన మాట మర్చిపోలేదు. కాకపోతే, అసలు నిలవని దానికంటే పాతబడనిదే మేలు కదా అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

కొత్త కళ్ళజోడు కోసమని చెప్పి, ల్యాబు పరికరం ఇంటికి తెచ్చి ఆమె కంటి గెంతు కొలిచాడు. ఆమె బుద్ధిగా కూర్చుంది. "ఈ వయసులో నాకు సోకేంటండీ," అని సిగ్గుపడింది కూడా.

ఆ తర్వాత మాటల దగ్గర కూర్చున్నాడు. 'సుమేధ లేదు' అని పెట్టి చూశాడు. లేదంటే ఎక్కడికో వెళ్ళిందనుకుని వెతుక్కుంటూ పోతుంది. 'సుమేధ వెళ్ళిపోయింది' అంటే మరీ ప్రమాదం. 'మన సుమేధ చనిపోయింది' అని పెట్టాడు. అది సరిగ్గా ఉంది. ఇబ్బందల్లా ఒక్కటే, మూడు మాటలు. చూపులో పట్టడం లేదు. చివర్లు సవరించాడు, ఎడాలు తగ్గించాడు, వలయాల్ని ఒకదానికొకటి దగ్గరికి జరిపాడు. ఉహూ. రోజంతా ఇతరుల మాటలు కత్తిరించే చెయ్యి కాబట్టి, ఏది తీసేసినా అర్థం చెడదో దానికి ఇట్టే తెలిసిపోయింది. సొంత భార్యకి సొంత కూతురి గురించి చెప్తూ 'మన' అని వేరే చెప్పాలా ఏంటి. 'మన' కొట్టేశాడు.

పొద్దున్న, కాఫీ తాగాక, వెలుతురు బాగా ఉన్నప్పుడు, ఆ అక్షరాలు వెలిగే ల్యాబు పలక ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది. ఒక్క చూపే.

ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు గురించి ఏం చెప్పమంటారు. పక్క వాటాలోవాళ్ళు తలుపు కొట్టారు. కానీ మర్నాడు పొద్దున్న లేచి, "సుమేధ చనిపోయిందండీ," అంది. సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టలేదు. కూతురు పోయిన తర్వాత మొదటిసారి ఇద్దరూ ఒకచోట కూర్చుని, ఒకే సంగతికి ఏడ్చారు. భానోజీకి అది ఎంత ఊరటో చెప్పలేం. ఆరు నెలలుగా ఒంటరిగా మోస్తున్న శవాన్ని ఇంకొకళ్ళు వచ్చి ఒక వైపు పట్టుకున్నట్టయింది. పెట్టె తీసి పిల్ల చున్నీలు చూసుకున్నారు. దాని అల్లరి చెప్పుకున్నారు. కుక్కపిల్ల కాలికి కట్టుకట్టి తన మంచం మీదే పడుకోబెట్టుకున్న సంగతి పేరిందేవే చెప్పింది, భానోజీ మర్చిపోయాడు దాన్ని.

ఆ వానాకాలం అలా గడిచింది. మంచి పని చేశాననే అనుకున్నాడు.

జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. కొత్త సంగతులు అయిపోయాక పాతవాటి మీద పడింది. ముందు కుక్కపిల్ల పోయింది. తర్వాత చున్నీలు ఎవరివో అయ్యాయి. ఒక రోజు గోడ మీద ఫోటో తుడుస్తూ పేరిందేవి, "ఈ అమ్మాయి ఎవరండీ, కళ్ళు చక్కగా ఉన్నాయి," అంది.

"సుమేధ," అన్నాడు.

"అయ్యో, ఆ పోయిన పిల్లా?" చెంగుతో అద్దం ఇంకోసారి తుడిచింది. "సుమేధ చనిపోయిందండీ. పాపం, ఎవరి పిల్లో."

ఏ మాట ఆయన చెక్కాడో అది చెక్కుచెదరకుండా ఉంది. సుమేధ అని ఎవరో ఉన్నారు, చనిపోయింది. ఎవరి సుమేధో చెప్పే మాటకి ఆయన చోటు ఇవ్వలేదు. ఆ రెండు మాటలు మాత్రం రోజంతా ఆమె లోపల మోగుతూనే ఉన్నాయి. అన్నం కలుపుతూ ఆగిపోయేది. "ఏవండీ, ఎవరో చిన్నపిల్ల పోయిందండీ, సుమేధ అని. ఆ తల్లి ఎలా ఉందో, ఏమన్నా తిన్నదో లేదో. ఓసారి వెళ్ళి పలకరించి వద్దామండీ." రేపు వెళ్దాం అనేవాడు. రేపూ అదే అడిగేది. మంగళవారం మాత్రం, "ఇవాళ వద్దులెండి, పలకరింపులకి వెళ్ళకూడదు," అని తనే ఆగేది. కూతుర్ని మర్చిపోయింది, వారాలు మర్చిపోలేదు. అక్షరాలు చదవడం కూడా ఇంకా పోలేదు.

భానోజీ తబిత దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. ఆమె కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడింది.

"మీ చేత సంతకం పెట్టించింది నేనే కదండీ," అంది. "పెట్టి కూడా ఎలా చేశారండీ."

"రోజూ చచ్చిపోతుందమ్మా పిల్ల. నా వల్ల కాలేదు."

తబిత కోపం అక్కడితో ఆగిపోయింది. ఆమెకీ ఒక ఆడపిల్ల ఉంది. కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "చదవగలుగుతున్నారంటున్నారు కాబట్టి ఇంకొకటి చూపించొచ్చు. 'సుమేధ తల్లివి' అని. రెండు మాటలే. పడుతుంది. ఆ వెంటనే ఆవిడకి కూతురు తిరిగొస్తుంది."

"వస్తుందా?"

"మొత్తం వినండి. ముఖం రాదు, అల్లరి రాదు, పెంచిన రోజులు రావు. అవి పోయాయి. కూతురు అన్నది ఒక్కటే వస్తుంది, చనిపోయింది అన్నదాని పక్కన వచ్చి కూర్చుంటుంది. రెండూ పాతబడవు. అప్పుడే తెలిసిన తల్లి ఎలా ఉంటుందో, ఆవిడ ప్రతి నిమిషం అలాగే ఉంటుంది. నిద్రలో కూడా. మిగతా అన్నీ పోయినా అది పోదు, చివరిదాకా." ఆగి, మెల్లగా అంది. "చేసుకోండి అనలేను, వద్దు అనలేను. ఆవిడ్ని నాకంటే మీకే తెలుసు."

పలక తయారు చేయడానికి ఆయనకి పూట పట్టలేదు. అన్నీ అలవాటైన వలయాలే. అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు ఆ అక్షరాలు. సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. తల్లికి బిడ్డ బిడ్డేనని తెలియకుండా పోవడం కంటే ఘోరం ఉందా. సుమేధకి ఈ లోకంలో ఇద్దరే ఉన్నారు, అందులో ఒకరు ఆమెని ఎవరి పిల్లో అంటున్నారు. ఇది చూపిస్తే ఆ పిల్లకి మళ్ళీ తల్లి ఉంటుంది. చూపించే తీరాలి అనుకున్నాడు. గేటు తీసేటప్పటికి చెయ్యి సంచిలోనే ఉంది.

అరుగు మీదికి ఎక్కి, పలక బయటికి తీసి, ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

తలుపు తీసుకుని పేరిందేవి బయటికి వచ్చింది. అంచు లేని పాత చీర కట్టుకుంది, బొట్టు చిన్నది పెట్టుకుంది, చేతిలో నాలుగు అరటిపళ్ళు ఉన్నాయి. పలకరింపుకి బయల్దేరింది. అరుగు మీద ఆయన్ని చూసి ఆగింది. ఆ కళ్ళలో భర్తని చూసిన గుర్తింపు లేదు. ఈ మధ్య సాయంత్రాలు అప్పుడప్పుడూ అలా అవుతోంది. ఆయన ముఖం చూసింది, తడిసిన కళ్ళు చూసింది. మెల్లగా వచ్చి, కాస్త ఎడంగా, అరుగు మీదే కూర్చుంది.

"మీరేనాండీ, సుమేధ నాన్నగారు?"

పలక ఆయన ఒళ్ళోనే ఉంది. తిప్పితే చాలు.

ఆమె ముఖంలోకి చూశాడు. జాలి ఉంది అందులో, పరాయి పిల్ల కోసం మంచి మనిషి పడే జాలి. దాన్ని తట్టుకోవచ్చు. దానితో అన్నం తినొచ్చు, నిద్రపోవచ్చు. ఆమె తన చొక్కా పట్టుకుని ఏడ్చిన సాయంత్రాలన్నీ ఆయన కళ్ళ ముందుకు వచ్చాయి. పలక అంచు వేలితో తడిమి, వెనక ఉన్న మీట నొక్కాడు. అక్షరాలు ఆరిపోయాయి. బోర్లా ఉన్నది బోర్లాగానే ఆరిపోయింది.

"అవునండీ," అన్నాడు. "నేనే."

"ఊరుకోండి. ఊరుకోండి బాబూ." అరటిపళ్ళు ఇద్దరి మధ్యా పెట్టింది. "ఏమంటే మాత్రం ఏం తీరుతుందండీ మీ కష్టం. తల్లి ఉందాండీ ఆ పిల్లకి?"

"ఉందండీ."

"ఎలా ఉందండీ ఆవిడ?"

"తేరుకుందండీ," అన్నాడు భానోజీ. తన భార్యతో అంత మర్యాదగా పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు. "ఇప్పుడు కొంచెం నయం."

"పోనీలెండి, అదే పదివేలు. ఆడదాని కడుపుకోత ఊరికే చల్లారదు." అరటిపళ్ళు ఆయన వైపు జరిపింది. "మరి మీరో?"

ఆయన భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుని ఏడవనిచ్చింది. పరాయి మగవాడు కదా, చెయ్యి వెయ్యలేదు. "ఎలా ఉండేదండీ అమ్మాయి?" అని మాత్రం అడిగింది. ఆయన చెప్పాడు. గేదెల డాక్టరని చెప్పాడు, కుక్కపిల్ల సంగతి చెప్పాడు. ఆమె నవ్వాల్సిన చోట నవ్వింది, కళ్ళు ఒత్తుకోవాల్సిన చోట ఒత్తుకుంది. "గడుగ్గాయే," అంది.

పొద్దు వాలుతుండగా లేచింది. చావు ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి, ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. ఇంటి పక్కనుంచి చుట్టు తిరిగి పెరట్లోకి పోయింది. కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినపడింది. వెనక తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది. వంటింట్లోంచి ఆమె గొంతు, రోజూ ఆయన్ని పిలిచే గొంతు, వచ్చింది.

"ఏవండీ, ఎక్కడున్నారు? ఆ సుమేధ వాళ్ళింటికి వెళ్ళొచ్చా. తల్లికి పర్లేదుట. మీరూ ఓసారి వెళ్ళి ఆ తండ్రి పక్కన కూర్చుని రండి. పాపం, ఒక్కడే ఉన్నాడాయన."